పండబెట్టుడు దామోదర్

నాచారంలో దామోదర్ ఇల్లెక్కడ అని అడిగితే ఎవరూ చెప్పలేరు. పండబెట్టుడు దామోదర్ ఇల్లు అంటే మాత్రం కూరగాయల బండి అతను కూడా తూకం ఆపి, చెయ్యి చాపి దారి చూపిస్తాడు. దామోదర్‌కున్న విపరీతం ఒక్కటే. ఈ భూమ్మీద దేన్నీ పూర్తిగా ఆపడు, పండబెడతాడు. ఆపడమంటే ఆయన లెక్కలో పీక పిసకడం. పండబెట్టడమంటే జోకొట్టడం.

ఈ సంగతి ఆయన భార్య తారామణికి కాపురానికొచ్చిన కొత్తలోనే తెలిసిపోయింది. ఇంట్లో అప్పుడొక పాత రేడియో ఉండేది. దాని గొంతు తగ్గించడమే తప్ప నోరు మూయించడం ఆయనకు చేతకాదు. మధ్యాహ్నం ఇల్లంతా సద్దుమణిగాక ఆమె గూట్లో పప్పు డబ్బా కోసం తల పెడితే, డబ్బా వెనకనుంచి ఎవరో గుసగుసగా వాతావరణం చెబుతుండేవాళ్లు. మొదటిసారి ఆమె డబ్బా కింద పడేసింది. తర్వాత అలవాటైపోయి, వాన పడుతుందో లేదో గూట్లో చెవి పెట్టే తెలుసుకునేది.

వాళ్ల మొదటి పోట్లాట చిల్కానగర్‌లో స్థలం గురించి. కొందామని ఆమె, వద్దని ఆయన. గొంతులు లేచేసరికి దామోదర్ నెమ్మదిగా చెయ్యెత్తాడు.

"తారా, ఈ లొల్లిని ఇయ్యాల్టికి పండవెడదాం. మంచిగున్నప్పుడు మళ్ల లేపుకుందాం."

మొగుడు దారికొచ్చాడని ఆమె మురిసిపోయి ఆ పూట సేమియా పాయసం కూడా చేసింది. కొన్ని నెలలు గడిచాయి. ఒకరోజు అన్నంలో పప్పు కలుపుతూ ఆయన తలెత్తి, "అయితె, నువ్వు గా దినం స్థలం ముచ్చట్ల మీ తమ్ముని సంగతేందో అనబోతుంటివి. ఏమనబోతుంటివి?" అన్నాడు. ఆగిన మాట దగ్గరనుంచే అందుకున్నాడు. ఆ స్థలంలో ఇప్పుడు ఎవరో నాలుగంతస్తులు కట్టి కింద బిర్యానీ హోటల్ పెట్టారు. లొల్లి మాత్రం ఇంకా చావలేదు. అప్పుడప్పుడు లేచి, ఒళ్లు విరుచుకుని, మళ్లీ పడుకుంటుంది.

ఈ జబ్బు ఆయనకు ఉద్యోగంలో అంటిందని తారామణి గట్టి నమ్మకం. ఉప్పల్ రోడ్డులో ఒక పరిశోధనా సంస్థలో కంప్యూటర్లు చూసుకునే విభాగంలో పనిచేసేవాడు దామోదర్. అవి కంప్యూటర్ ఉన్న గదిలోకి చెప్పులు విప్పి పోయే రోజులు. మనుషులు చెమటలు కక్కుతూ వరండాలో కూర్చుంటే మిషన్ మాత్రం ఏసీలో చల్లగా ఉండేది. ఎండాకాలంలో తారామణి పసిపిల్లగా ఉన్న కూతురు నీరజను చంకనేసుకుని, క్యారియర్ ఇచ్చే నెపంతో వెళ్లి, ఆ గది తలుపు సందులోంచి వచ్చే చల్లగాలికి కాసేపు నిలబడి వచ్చేది. ఇప్పుడు వాళ్లింట్లోనే ఏసీ ఉంది. ఆ తలుపు సందు హాయి దీనికి లేదంటుంది.

రిటైరయ్యాక ఆయన విడిభాగాలు కొనుక్కొచ్చి తనే ఒక కంప్యూటర్ జోడించి ముందుగదిలో కిటికీ పక్కన పెట్టాడు. మొదటిసారి దాన్ని స్లీప్‌లో పెట్టి, అంటే ఆయన భాషలో పండబెట్టి, లేపుతున్నప్పుడు పెళ్లికూతురును చూపించినట్టు భార్యను పిలిచి చూపించాడు. మీట నొక్కాడు. లోపల ఫ్యాన్ బుస్సుమంది. తెర నల్లగా ఉంది.

"ఏం వస్తలేదు గద," అందామె.

"జర ఆగు. ఇది పండుకున్నా దీని మతి దీనికుంటది. సన్నగ కరెంటు తాక్కుంట అన్నీ యాదుంచుకుంటది. కానీ బొమ్మను తెరకు పంపే గ్రాఫిక్స్ కార్డుంటది సూడు, దానికి మతుండది. మొత్తం మర్శిపోయి లేస్తది. గప్పుడు లోపట తెర పని సూసే పెద్దమనిషి లేసి, ఒక్కొక్క విండో తానికి వోయి, నువ్వు యాడుంటివి, నీ మీద ఏం రాసుండె అని అడుక్కుంట మళ్ల మొత్తం గీసుకొస్తడు. గీసేదాంక నల్లగనే ఉంటది. ఆ నలుపుల మనం సప్పుడు చెయ్యొద్దు."

"చేస్తే ఏమైతది?"

"ఏం గాదు. మర్యాద గాదు."

తారామణి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. తెర వెలిగింది. ఆయన ఎటు ఉంచినవి అటే, అన్నీ ఉన్నాయి.

"సూసినవా? మనోళ్లేం జేస్తరు, నల్లగ కనవడంగనే సచ్చిందనుకొని బటన్ వట్టి గట్టిగ ఒత్తుతరు. బతికున్నదాన్ని సంపుతరు."

కొన్నిసార్లు ఆ నలుపు ఎంతకీ పోయేది కాదు. దానికి ఆయన దగ్గర ఇంకో మందుంది. మూడు మీటలు ఒక్కసారి నొక్కేవాడు. బొమ్మలన్నీ మాయమై, నల్ల తెరమీద తెల్లక్షరాలు మాత్రం వచ్చేవి. మళ్లీ మూడు మీటలు నొక్కితే మామూలు తెర పువ్వులా విచ్చుకునేది. "వాకిట్లకు వోయి ఇంట్లకొచ్చింది," అనేవాడు. "గడప దాటి లోపటికొస్తే అంత కొత్తగ గీసుకోక తప్పది."

అంతటితో ఊరుకుంటే ఆయన దామోదర్ ఎందుకవుతాడు. ఆ మందు మనుషులకు కూడా వాడటం మొదలుపెట్టాడు. నీరజకు డిగ్రీ పరీక్షల ముందు చదివింది గుర్తు రాకపోతే, "బయటికి వోయి లోపటికి రా" అనేవాడు. ఆ పిల్ల వరండాలోకి వెళ్లి, చెప్పుల దగ్గర నిలబడి, తిరిగొచ్చి గడగడా అప్పజెప్పేది. ఇంట్లో వ్రతం చేయిస్తున్న పంతులుగారికి కథ మధ్యలో తట్టక ఆగిపోతే ఆయన్నీ పంపాడు. పాపం పంతులుగారు పంచె ఎగ్గట్టి వాకిట్లోకి పోయారు. ఎదురింటివాళ్లు, కథ అయిపోయిందనుకుని ప్రసాదానికి గిన్నె పట్టుకుని వచ్చేశారు.

పెళ్లిచూపులకు వచ్చిన విక్రమ్ సంగతయితే కాలనీ అంతా ఇప్పటికీ చెప్పుకుంటారు. పోచారంలో పెద్ద కంపెనీలో ఉద్యోగం, కుదురైన పిల్లాడు. ఏం పని చేస్తావు బాబూ అని అడిగేసరికి నోరు పెగల్లేదు. బూందీ చేతిలో పట్టుకుని అలాగే ఉండిపోయాడు.

"బాబూ, ఒక్కసారి బయటికి వోయి లోపటికి రా," అన్నాడు దామోదర్.

విక్రమ్ వాళ్ల నాన్న సంబంధం తప్పిపోయిందనుకుని లేచి బూట్లు వేసుకోవడం మొదలుపెట్టాడు. ఈలోగా విక్రమ్ గడప దాటి వెళ్లి, తిరిగొచ్చి కూర్చుని, ఉద్యోగం, జీతం, చిన్నప్పుడు కుక్క కరిచిన సంగతి, అడిగినవీ అడగనివీ అన్నీ చెప్పేశాడు. అలా అల్లుడయ్యాడు.

మనుషుల్ని నిద్ర లేపడంలో కూడా ఆయనది అదే పద్ధతి. పొద్దున్నే కిటికీ తెర సగం జరిపి, చాయ్ మంచం పక్కన పెట్టి, తారామణి తనంతట తను మాట్లాడేదాకా నోరు మెదపకుండా నిలబడతాడు. కొత్తలో ఆమెకు ఒళ్లు మండేది. కళ్లు తెరిస్తే ఎదురుగా మూగదేవుడిలా మొగుడు.

తారామణి నాన్న పోయినప్పుడు ఆమె చాలా రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. వచ్చిన చుట్టాలంతా ఏడువు, తిను, దేవుణ్ని తలుచుకో అంటూ భుజం పట్టి ఊపేవాళ్లు. ఈయన ఏమీ అనలేదు. చాయ్ పెట్టడం, నిలబడటం, చల్లారితే తీసుకెళ్లి వేడి చేసుకురావడం. ఈ మనిషికి ఓదార్చడం కూడా రాదే అనుకుందామె. ఒక పొద్దున చాయ్‌లో చక్కెర ఎక్కువైతే, "గింత తీపేంది, పెండ్లా?" అని అరిచింది. అదే ఆమె మొదటి మాట. ఆయన మొహం వెలిగిపోయింది. అరిస్తే మురిసిపోయే మొగుడు తనకే దొరికాడని ఆమె అప్పుడు ఇంకాస్త విసుక్కుంది.

ఇక బుచ్చిరాములు. నాచారంలో ఒక ఫ్యాక్టరీలో లేత్ మిషన్ మీద పనిచేసి రిటైరైన మనిషి. మిషన్ మోతలో మాట్లాడీ మాట్లాడీ, మెల్లగా చెప్పినా వీధి చివరికి వినిపించే గొంతు. తారామణి ఆయన్ని అన్నా అంటుంది కాబట్టి ఆయనకు దామోదర్ బావ, దామోదర్‌కు ఆయన బావ. రోజూ మధ్యాహ్నం ఇద్దరికీ చదరంగం. చెక్క పలక ఉన్న రోజుల్లో ఆట కంటే పంచాయితీ ఎక్కువ. ఒకరు నీళ్లు తాగడానికి లేస్తే రెండోవారి బంటు గడి మారేది. ఇద్దరూ ఆ విద్యలో సమఉజ్జీలే.

విసిగిపోయి దామోదర్ కంప్యూటర్‌లో తనే ఒక చదరంగం తయారు చేశాడు. అందులో దొంగ ఎత్తు వేయడం కుదరదు. ఆటను దాచిపెట్టే వీలు కూడా లేదు. నీరజ అడిగితే, "సేవ్ ఎందుకు బిడ్డా, పండవెడితే ఉంటది గద," అన్నాడు. ఆట మధ్యలో లేవాల్సి వస్తే ఇద్దరి వేళ్లూ ఒకే మీట మీద పెట్టి నొక్కి కంప్యూటర్‌ను పండబెట్టేవాళ్లు. మర్నాడు మళ్లీ ఇద్దరి వేళ్లూ కలిస్తేనే లేపాలి. అది వాళ్ల ఒప్పందం. రెండు ముసలి వేళ్లు ఒక మీట మీద ఇరుక్కుని నొక్కడం చూసి తారామణి, "రిబ్బను గూడ తేవాల్నా?" అని వెక్కిరించేది.

కిందటి చలికాలంలో ఒక మధ్యాహ్నం బుచ్చిరాములు, "తల తిరుగుతుంది బావా, రేపాడుదాం," అన్నాడు. ఇద్దరూ మీట నొక్కారు. సాయంత్రానికి బుచ్చిరాములు దవాఖానాలో ఉన్నాడు. ప్రాణం దక్కింది కానీ కుడి చెయ్యి మొండికేసింది. ఆ వీధంత గొంతు ఎటో పోయింది. చెంగిచెర్లలో కూతురు మానస ఇంటికి తీసుకెళ్లారు. దామోదర్ వారం వారం వెళ్లి పక్కన కూర్చుని వచ్చేవాడు. ఏమన్నడయ్యా అని అడిగితే, "ఇంకా గీసుకుంటుండు," అనేవాడు. తారామణికి అర్థమయ్యేది కాదు.

ఆ రోజునుంచి దామోదర్ ఇంట్లో కంప్యూటర్‌ను ఎవరూ ముట్టుకోకూడదు. ఆయనా ముట్టుకోలేదు. అంతకుముందు అందులోనే కట్టే కరెంటు బిల్లుకు ఇప్పుడు ఎండలో ఉప్పల్ దాకా పోయి లైన్లో నిలబడేవాడు. ఫోన్లో కట్టమంటే అది నమ్మకం లేదనేవాడు. దుమ్ము దులిపేటప్పుడు దాని దీపం నెమ్మదిగా వెలిగి ఆరుతుంటే తారామణికి గురక పెట్టే చుట్టం ఇంట్లో తిష్ట వేసినట్టుండేది.

వేసవిలో ఒక శనివారం నీరజ, విక్రమ్ కొత్త లాప్‌టాప్ పట్టుకుని వచ్చారు. పాతది తీసేస్తే ఆ మూల కుట్టు మిషన్ వేసుకోవాలని తారామణి ఎన్నాళ్లనుంచో కాచుకుని ఉంది. ఆ రోజే చెట్లకొమ్మలు కొడతారని పొద్దున్నే కరెంటు తీశారు. ఇన్వర్టర్ బ్యాటరీ చూస్తే ముసలిది.

దామోదర్ చొక్కా వేసుకుంటూ బయల్దేరాడు. "నేను చెంగిచెర్ల వోయి బావను తోల్కొస్తున్న. ఇయ్యాల వస్తనని తలూపిండట. తారా, అచ్చేదాంక దాన్ని జర సూస్కో. కరెంటు పోకుంట సూస్కో."

"పోతే ఏమైతది? కొత్తది అచ్చింది గద."

"ఆట పోతది," అన్నాడాయన, చెప్పులేసుకుంటూ. "బుచ్చిరాములు ఆట."

గేటు చప్పుడయ్యింది. తారామణి కుర్చీలో కూర్చుని ఆ మాటనే మనసులో తిప్పుకుంది. బిల్లు కోసం ఎండలో లైన్లు. ఒక్క వేలితో లేపకూడదన్న ఒప్పందం. ఇంకా గీసుకుంటుండు అన్న మాట. అన్నీ వచ్చి వాటి వాటి చోట కూర్చున్నాయి.

అప్పుడే ఇన్వర్టర్ కీచుమంది.

"అమ్మా, బ్యాటరీ అయిపోవస్తుంది," అంది నీరజ. "కంప్యూటర్ ఆపేద్దాం. నాన్నకు నేను చెప్త."

తారామణి లేచింది. ముందు ఫ్రిజ్ తీసేసింది. లోపల మామిడికాయ పప్పు ఉంది, పాలున్నాయి, పోతే పోనీ అనుకుంది. లైట్లు తీసింది. ముందుగదిలో ఫ్యాన్ తీసింది. కింద కూర్చుని ఉన్న విక్రమ్ తలెత్తి చూశాడు.

"అత్తమ్మా, జర ఫ్యానొక్కటన్న ఉంచుండ్రి. ఉడుకవోస్తుంది."

"బయటికి వోయి లోపటికి రా బిడ్డా."

"అత్తమ్మా, మీరు గూడనా?"

విక్రమ్ నిజంగానే బయటికి పోయాడు. అక్కడ వేపచెట్టు గాలి బాగుండి తిరిగి రాలేదు. తారామణి విసనకర్ర పట్టుకుని, తనకు కాకుండా కంప్యూటర్‌కు విసురుతూ కూర్చుంది. ఇన్నాళ్లూ ఎప్పుడు పోతుందా అని తిట్టుకున్న దాన్ని. దీపం వెలుగుతోంది, ఆరుతోంది. ఇన్వర్టర్ కీచుమన్నప్పుడల్లా ఆమె ఇంకాస్త గట్టిగా విసురుతోంది.

"అమ్మా, దానికి ఉడుకవోయది," అంది నీరజ.

"నీకేం తెలుసు," అంది తారామణి.

ఆటో ఆగింది. దామోదర్ ఒక చెయ్యి, బుచ్చిరాములు భార్య లక్ష్మీనర్సమ్మ ఒక చెయ్యి పట్టుకుని ఆయన్ని దింపారు. మనిషి సగమయ్యాడు. కర్ర ఊతంతో లోపలికి వచ్చి కుర్చీలో కూర్చున్నాడు.

"అంకుల్, బాగున్నరా? నన్ను గుర్తువట్టిన్రా?" అంది నీరజ.

"మాట్లాడు. అడుగుతున్నరు గద, బిడ్డ పేరు చెప్పు," అంది లక్ష్మీనర్సమ్మ. ఆయన పెదవులు కదిలేలోపే, "నీరజ, నీరజ అను," అంది. "గిట్లనే వదినె, ఏమడిగినా దిక్కులు సూస్తడు. ఇగ నేనే చెప్పేస్త."

సరిగ్గా అప్పుడు కరెంటొచ్చింది. ఇన్వర్టర్ కీచుమనడం ఆగింది. తారామణి విసనకర్ర కింద పెట్టి గోడకు చేరగిలబడింది.

దామోదర్ బుచ్చిరాములు ఎడమచేతి వేలు పట్టుకుని మీట మీద పెట్టి, పక్కన తన వేలు ఇరికించాడు. ఇద్దరూ నొక్కారు. ఫ్యాన్ బుస్సుమంది. తెర నల్లగా ఉంది. కాసేపటికి ఇంకా నల్లగానే ఉంది.

"మామయ్యా, పోయినట్టుంది," అంటూ, ఆటో వెనకే లోపలికొచ్చిన విక్రమ్ పవర్ బటన్ మీదికి చెయ్యి పోనిచ్చాడు.

"చెయ్యి తియ్యి," అంది తారామణి. విక్రమ్ చెయ్యి తీసి జేబులో పెట్టుకున్నాడు.

దామోదర్ మూడు మీటలు నొక్కాడు. తెల్లక్షరాలు వచ్చాయి. మళ్లీ నొక్కాడు. తెర ఒకసారి రెప్పవాల్చి, ముందు నీలిరంగు, తర్వాత గళ్లు, ఆ గళ్లలో ఒంటె, గుర్రం, బంట్లు, చలికాలంలో ఎక్కడివి అక్కడే వచ్చి నిలబడ్డాయి.

బుచ్చిరాములు తెరను చూస్తున్నాడు.

"యాదికొచ్చిందా? తెల్లయి నీయేనా? చెప్పు..." అని లక్ష్మీనర్సమ్మ మొదలుపెట్టింది.

తారామణి ఆమె చెయ్యి పట్టుకుంది. "వదినె, జర ఆగు. సప్పుడు చెయ్యొద్దు."

దామోదర్ పక్కన నిలబడ్డాడు. పొద్దున చాయ్ పట్టుకుని నిలబడే నిలుపే అది. తారామణికి తన నాన్న పోయిన రోజులు, మళ్లీ మళ్లీ వేడి చేసిన ఆ చాయ్ గుర్తొచ్చాయి. ఓదార్చడం రాదనుకుంది పిచ్చిది.

"నా... ఏనుగేది?"

లక్ష్మీనర్సమ్మ నోరు తెరిచింది. మొగుడి నోట రెండు మాటలు కలిపి ఆమె విని నెలలయింది.

దామోదర్ మాత్రం నిన్నటి మాటకు జవాబిచ్చినట్టు చెప్పాడు. "నీ ఏనుగును నువ్వే పోగొట్టుకున్నవ్ బావా. నా గుర్రం దిన్నది."

"దొంగ."

"నేనెట్ల దొంగనైత? ఇద్దరం గలిసే పండవెట్టినం గద."

"నాన్నా," అంది నీరజ, "ఈ గళ్లన్నీ అప్పుడే ఒక కాగితం మీద రాసుకుంటే అయిపోయేది కదా. ఇంత తిప్పలెందుకు?"

"రాసి పేరిస్తే ఈయన నమ్ముతడా? సూడు, కండ్ల ముంగట్నే దొంగ అంటుండు."

బుచ్చిరాములు ఎడమచేత్తో మౌస్ పట్టుకుని, ఆగి ఆగి మంత్రిని కిందికి లాగి వదిలాడు. ఏదో చెప్పబోయాడు. మాట రాలేదు.

"నీళ్లా?" అంది నీరజ.

"నడుం నొస్తుందా?" అంది లక్ష్మీనర్సమ్మ.

ఆయన చెయ్యి విదిలించాడు. కర్ర అందుకుని లేచాడు. ఒక్కొక్క అడుగే వేసుకుంటూ గడప దాటాడు. చెప్పుల దగ్గర నిలబడ్డాడు. నెమ్మదిగా తిరిగాడు. మళ్లీ గడప దాటి లోపలికి వచ్చి కూర్చున్నాడు.

"చెక్," అన్నాడు.

ఆ గొంతు ఎదురింటికి వినిపించే ఉంటుంది.

తారామణికి చదరంగం రాదు. కానీ రాజు మూలకు చేరి చుట్టూ దారి లేకపోతే ఏమవుతుందో ఇన్నేళ్ల పంచాయితీలు విని తెలుసు. "ఏమయ్యా, పండవెట్టిన దినం గూడ నువ్వే ఓడిపోతుంటివా?"

"ఇంకేంది. ఇగ రెండెత్తులైతే ఖతం."

ఓడిపోయే ఆట. కరెంటు పోతే ఎవరూ అడిగేవాళ్లు కాదు. దానికోసమా ఈ మనిషి అన్ని ఎండల్లో నిలబడ్డది.

దామోదర్ తల గోక్కుని, మీట వైపు వేలు చాచాడు. "బావా, ముందుగాల చాయ్ తాగుదాం. దీన్ని జర పండవెడదాం."

బుచ్చిరాములు ఎడమ అరచెయ్యి తీసుకెళ్లి మీట మీద బోర్లా వేశాడు.

"పండ... వెట్టకు."

దామోదర్ మొహం అదోలా అయింది. ఏదో అనబోయి, మాట దొరక్క, భార్య వైపు చూశాడు.

"బయటికి వోయి లోపటికి రా పో," అంది తారామణి.

ఆయన బుద్ధిగా లేచి వెళ్లాడు. తారామణి చాయ్ పెట్టింది. గ్లాసుల్లో పోసింది. వరండాలోంచి ముక్కు చీదిన చప్పుడు ఒకటి వినిపించింది. ఎదురింటివాళ్లు ఎవరో గిన్నె పట్టుకుని గేటు దగ్గరికి వచ్చి, ఏమైందని అడుగుతున్నారు.

"మామయ్య ఇంకా వస్తలేడేంది?" అని విక్రమ్ లేవబోయాడు.

"కూసో బిడ్డా," అంది తారామణి, ఒక గ్లాసు మీద మూత పెడుతూ. "అస్తడు. గీసుకుంటుండు."